గడియ తీసిన కుక్కపిల్ల

మా ఇల్లు ఎచ్చెర్లలో ఉన్నది. జాతీయ రహదారి మా ఊరిని ఆనుకొనియే పోవుచున్నది గనుక రాత్రింబవళ్ళు లారీల రొద మాకు అలవాటైపోయినది. ఒకనాటి వేకువను మా యింటిది పెరటిలోకి వెళ్ళి, "ఏమండీ, గేటు తీసి ఉన్నది, చుక్క లేదు!" అని కేకవేసినది. నేను చెప్పులైనా తొడుగుకొనక పరుగెత్తినాను. రహదారికి ఇక ఇరువది గజముల దూరములో, రోడ్డుప్రక్క కాలువగట్టు మీద కూర్చుండి, మా నాలుగు నెలల కుక్కపిల్ల పోయే లారీలను తిలకించుచున్నది. నన్ను చూచి తోక ఊపినదే గాని దగ్గరకు రాలేదు. నేను ఒక అడుగు వేస్తే అది రహదారి వైపు రెండడుగులు వేసినది. దానికి అది ఆట. నాకు మాత్రము ఊపిరి ఆగినట్లయినది. చివరకు నేను వెనుదిరిగి ఇంటివైపు పరుగెత్తినట్లు నటించగా, అది నా వెంటపడి వచ్చినది.

గేటు ఎవరు తీసినారన్న విచారణ రెండు రోజులు నడచినది. పాలవానిని అడిగినాము, మనుమడిని గద్దించినాము. మూడవనాడు దొంగ దొరికినది. చుక్క గేటు ఊచల నడుమ మూతి దూర్చి, గడియను ముక్కుతో పైకెత్తి, ఒక్క తోపు తోసి బయటపడినది.

మా చుక్క మేలుజాతి కుక్క కాదు. ఇంటివెనుక గడ్డిమేటు క్రింద ఒక వీధికుక్క ఈనిన నాటుపిల్ల. నొసట తెల్లని మచ్చ ఉండుటచేత ఆ పేరు పెట్టినాము. ఆ ఈతలోనిదే మరొక పిల్లను మా పొరుగువారు తీసికొన్నారు. తెలివిలో రెండును ఒకదానికొకటి తీసిపోవు. కాని పొరుగువారి పిల్ల కోడిగుడ్లు తిన్నదని, ఆరబెట్టిన బట్టలు చింపినదని, దానిని పగలంతా జీడిమామిడి చెట్టుకు కట్టివేసినారు. మా గేటు సంగతి విన్న ఆ యింటి ముసలమ్మగారు నాకును అదే మందు చెప్పినారు. "కట్టెయ్యండి బాబూ, నాలుగు తగిలిస్తే అదే పడుంటాది" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు నన్నయ భారతము జ్ఞాపకము వచ్చినది. మన ఆదికావ్యములో కథారంభముననే ఒక కుక్కపిల్ల తిన్న దెబ్బల కథ ఉన్నది. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా అక్కడకు వచ్చిన సరమ కొడుకును రాజుగారి తమ్ములు నిష్కారణముగా కొట్టినారు. అది ఏడ్చుచు తల్లికి చెప్పుకొన్నది. తల్లి రాజసభకు వచ్చి, అపకారము చేయనివానిని కొట్టినందుకు మీకు అనుకోని భయములు కలుగునని చెప్పిపోయినది. చక్రవర్తి అంతటివాడు ఆ మాటకు కలవరపడి, శాంతి చేయింపగల పురోహితుని వెదకుకొనుచు బయలుదేరవలసివచ్చినది. ముప్పదియేండ్లు బడిపంతులుగా ఉండి, కొట్టిన పాఠము ఒంటబట్టదని ఎంతో ఆలస్యముగా తెలిసికొన్నవాడను నేను. ఈ కథను పిల్లలకు చెప్పినప్పుడెల్లను నాకు కొంచెము సిగ్గు వేసేది.

గడియ తీసిన కుక్కలు లోకములో ఇదివరకును ఉన్నవి. ఇంగ్లండులో లాయిడ్ మోర్గన్ అను శాస్త్రజ్ఞుడు తన టోనీ అను కుక్క తోటగేటు తీయుటను గమనించి, 1894లో వెలువడిన గ్రంథములో వ్రాసినాడు. చూచినవారు "ఎంత ఆలోచన!" అనుకొనేవారట. మోర్గన్ మొదటినుండి చూచినవాడు. టోనీ వీధిలోకి చూచుటకై ఊచల నడుమ తల దూర్చుచుండగా, ఒకసారి దైవవశమున తల తగిలి గడియ లేచినది. గేటు తెరచుకొన్నది. తరువాత ఎన్నో వ్యర్థప్రయత్నములు తగ్గుచు తగ్గుచు పోయి, కొన్ని వారములకు సూటిగా గడియ వద్దకే పోవుట నేర్చినది. ఫలము నిచ్చిన పని నిలిచినది, ఈయనిది రాలిపోయినది. అమెరికాలో థార్న్‌డైక్ 1898లో పిల్లులను, కుక్కలను గడియ పెట్టెలలో ఉంచి చేసిన పరిశోధనలలోను ఇదే తేలినది.

మా చుక్కకు గేటు వద్ద గురువు ఎవరు? గడియయే. జీతము ఏమిటి? వీధి. మనము పాఠము చెప్పకపోతే తెలివైన పిల్ల ఊరకుండదు. వీధి, గడియ, కోళ్ళగంప, అన్నియు దానికి పాఠములు చెప్పును. కట్టివేసినంత మాత్రమున ఆ బడి మూతపడదు. కట్టుకొయ్య వద్ద అది మొరుగుట నేర్చును, దారిన పోయేవారి మీద ఎగురుట నేర్చును.

ముందు గడియ మార్చినాను. పాఠము తరువాత సంగతి. ఆ సాయంకాలమునుండే "రా" అను మాట మొదలుపెట్టినాము. పెరటిలో నేనొక మూల, మనుమడొక మూల నిలుచున్నాము. "చుక్కా, రా" అని ఒక్కసారి మాత్రమే పిలుచుట. వచ్చినవెంటనే శనగగింజంత ఉడికిన కోడిగుడ్డు తునక, మెడమీద నిమురుట. వెంటనే రెండవవారు పిలుచుట. ఇందులో ఒక నియమము తప్పరాదు. పిలిచి తిట్టరాదు, పిలిచి స్నానము చేయించరాదు, పిలిచి కట్టివేయరాదు. ఆ పనులకు మనమే దానివద్దకు పోవలెను. "రా" అంటే ఎన్నడును చెడు జరుగలేదని దానికి నమ్మకము కుదరవలెను. పెరడు దాటినాక బావి చేంతాడు నడుమునకు పట్టెడ వేసి కట్టి, కోతలైన వరిమడిలో ఇదే ఆట ఆడించినాము. ఎంత నేర్చిన కుక్కనైనను రహదారి వద్ద తాడు విప్పి విడుచుట తెలివితక్కువ పని.

తరువాతిది గుప్పిటి ఆట. ఇది చాలా చిన్నది గాని, నాకు అన్నింటిలో ఇదే ఇష్టము. గుప్పిట్లో తునక మూసి మూతి ముందు పెట్టితిని. అది నాకినది, గీరినది, కొరికినది, ఒకసారి నన్ను చూచి మొరిగినది. నేను మాటాడలేదు. చివరకు విసుగుతో మూతి వెనుకకు తీసినది. ఆ క్షణముననే గుప్పిలి విప్పినాను. అయిదారు పర్యాయములలో, గుప్పిలి చూడగానే వెనుకకు జరిగి నా ముఖములోకి చూచుట నేర్చినది. లాగితే రానిది ఆగితే వచ్చునని దానికదే కనిపెట్టినది. ఒక్క దెబ్బ లేదు. అన్నపుగిన్నె ముందును, గేటు ముందును ఆగుట దానికి ఈ ఆటనుండియే వచ్చినది. ఇప్పుడు గేటు తెరచి ఉన్నను, "పద" అనువరకు గడపలోనే నిలుచును.

బహుమానము సరియైన క్షణమున అందవలెను. కూర్చున్నందుకు ఇచ్చేది, కూర్చున్న ఒకటి రెండు సెకనులలో ఈయవలెను. లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చేసరికి అది లేచి నిలుచుండును, నిలుచున్నందుకే ఇచ్చినారనుకొనును. ఉదయము చేసిన తప్పుకు సాయంత్రము గద్దించుటయు ఇటువంటిదే.

ముక్కుతో ఆడే ఆటలు దీనికి పండుగ. మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి, ఒకదాని క్రింద గుడ్డు తునక దాచుట. మొదట అది చూచుచుండగా దాచవలెను, తరువాత చూడకుండ దాచవలెను. పాత గోనెసంచిలో నాలుగు మరమరాలు చల్లి, చుట్టచుట్టి ఇస్తే, మూతితో విప్పుకొనుచు పది నిమిషములు గడుపును. ఇక మనుమడు గడ్డిమేటు చాటున దాగుకొని, "వెతుకు" అని నేను పంపే దాగుడుమూతలు చూడవలసినదే గాని చెప్పతరము గాదు. గాలికెదురుగా మూతి ఎత్తి, ఒక్కొక్కప్పుడు మూడుసార్లు తిరిగి, చివరకు పిల్లవానిని పట్టి వాని చెవులు నాకును. ఒక మైలు పరుగెత్తించినను అలయని పిల్ల ఈ ఆట అయిదు నిమిషములు ఆడి హాయిగా నిద్రపోవును.

పసిదానికి పాఠము మూడు నాలుగు నిమిషములు చాలును, రోజుకు రెండు మూడుసార్లు. దానికి ఇంకా కోరిక ఉండగానే ఆపవలెను. ఇచ్చే తునకలు అన్నములోనుండి తగ్గించవలెను. లేకున్న పిల్ల తెలివికన్న ముందు పొట్ట పెరుగును.

మేము ఉద్దేశింపని పాఠము కూడ ఒకటి ఇది నేర్చినది. తెల్లవారి మా యింట రేడియో పెట్టుట, ఆ వెంటనే చుక్కకు గంజి పోయుట వాడుక. ఆకాశవాణి ప్రారంభసంగీతము వినిపించగానే ఇది గిన్నె వద్దకు పోయి చొల్లు కార్చుచు నిలుచును. 1904లో నోబెల్ బహుమానము పొందిన పావ్లోవ్ కుక్కలకు ఎంత శ్రమపడి చూపించినది, మా గిన్నె వద్ద ఉచితముగా చూడవచ్చును.

వయస్సును గూర్చి ఒక మాట. స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పెంచి పరిశీలించి, 1965లో ఒక గ్రంథము ప్రకటించినారు. పుట్టిన మూడవ వారమునుండి సుమారు పండ్రెండవ వారమువరకు పిల్లకు లోకముతో స్నేహము కుదిరే కాలమని వారు తేల్చినారు. ఆ రోజులలో పిల్లలను, ముసలివారిని, సైకిలును, గొడుగును, డప్పుమ్రోతను భయము లేకుండ చూచిన పిల్ల పెద్దదైన పిమ్మట బెదరి కరవదు. టీకాలు పూర్తికాకముందు వీధిలో విడువరాదు గనుక, మేము చేతులమీద ఎత్తుకొని చిలకపాలెము సంతకోలాహలము చూపించినాము. పార్వో మొదలైన వ్యాధులకు టీకాలు రెండవ నెలలోనే ప్రారంభము కావలెను. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పదు. ఆటలో పంటిగాటు పడి రక్తము వచ్చినను సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషములు కడిగి, వెంటనే వైద్యునివద్దకు పోవలెను. చిన్నపిల్లే కదా అనుకొనరాదు.

నాలుగవ నెలనుండి పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చును. ఆ దినములలో నా ఎడమకాలి చెప్పు పోయినది. "కుడిది మీకు ఉంచినది, ఎంత మర్యాద!" అన్నది మా యింటిది. పాతపంచె ముక్క తడిపి ముడివేసి ఇచ్చినపిమ్మట చెప్పుల జోలికి పోలేదు. ఉడికిన కోడియెముకలు మాత్రము ఈయకండి, అవి చీలి గొంతులోను, ప్రేగులలోను గ్రుచ్చుకొనును. ఉల్లి, ద్రాక్ష, చాకొలెట్టు కూడ కుక్కకు విషప్రాయములు.

పొరుగువారి పిల్ల సంగతి చెప్పవలెను. ఎనిమిదవ నెలలో అది తాడు తెంచుకొని, దారిన పోవు బాలుని పిక్క పట్టినది. బాలునికి సూదులు వేయించినారు. కుక్కను దూరముగా ఎక్కడనైనా విడిచివచ్చుటకు సంచి సిద్ధమైనది. ఆ సాయంకాలము నేను వెళ్ళి, "ఒక నెల నాకు ఈయండమ్మా" అని అడిగినాను. ముసలమ్మగారు నవ్వి, "ఏటి బాబూ, పెద్దపిల్లలకి యూనివర్సిటీ ఉంది, కుక్కపిల్లలకి మీరు బడి పెట్టినారేటి?" అన్నారు. 2008లో విశ్వవిద్యాలయము వెలసిన ఊరు మాది; అందుచేత ఆ పరిహాసము. మొదటి పది దినములు అది గుప్పిలి వద్దకే రాలేదు, చేయి ఎత్తితే పడుకొని వణకినది. ఇప్పటికి మూడు నెలలైనది. నా మనుమడు, ఆ యింటి మనుమడు కలిసి రోజూ చిప్పల ఆట ఆడించుచున్నారు. ఇంటివారితో మంచిగా ఉన్నది. కొత్తవారు వచ్చిన నేటికిని గుర్రుమనును. సాయంత్రము నడకకు మూతికి జాలీ తొడిగి తీసికొనిపోవుచున్నాము. చుక్కకు వారము పట్టినది దీనికి నెల పట్టుచున్నది.

చుక్క ఈమధ్య పేర్లు నేర్చుకొనుచున్నది. 2004లో జర్మనీలో రికో అను కుక్క రెండువందలకు పైగా వస్తువులను పేరు చెప్పినంతనే తెచ్చినదని శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అమెరికాలో చేజర్ అను కుక్కకు వేయిన్ని ఇరువదిరెండు పేర్లు నేర్పినట్లు 2011లో వెలువడినది. మా విద్యార్థికి ఇప్పటికి వచ్చినవి ఏడు. బంతి, చాప, చిప్ప, తువాలు, గంప నిర్దుష్టముగా తెచ్చును. కళ్ళజోడు తెమ్మంటే మాత్రము చెప్పు తెచ్చుచున్నది. చెప్పు తెమ్మంటే తువాలు చూపి నా ముఖములోకి చూచుచున్నది.