వేడిగా ఉంటే ఆరినట్టు కాదు



వీసాల గురించి, జీతాల గురించి ఇంతకుముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను బట్టలు ఆరబెట్టడం గురించి చెప్తాను. నవ్వకండి. చలికాలంలో ఆరుబయట పనిచేసే మనకి ఇది ఆరోగ్యం సంగతి.

ఊళ్లో దండెం మీద వేస్తే మిగతాది ఎండే చూసుకునేది. ఇక్కడ డ్రయ్యర్ ఆగుతుంది, తీస్తే బట్టలు వేడిగా ఉంటాయి, మడతపెట్టేస్తాం. తెల్లవారుజామున వేసుకుంటే నడుం దగ్గర చల్లగా తగులుతుంది. కారణం ఏంటంటే, మన చర్మానికి తడిని విడిగా కనిపెట్టే శక్తి లేదు. చల్లదనాన్ని, తాకిడిని కలిపి తడి అనుకుంటుంది. అందుకే వేడి బట్టలో చెమ్మ తెలియదు. చల్లటి బేస్‌మెంట్‌లో పొడి బట్ట కూడా తడిగా అనిపిస్తుంది.

కాబట్టి బయటికి తీసి, దులిపి, ఐదు నిమిషాలు చల్లారాక చూడండి. చూడాల్సింది చొక్కా వీపు కాదు. జీన్స్ నడుం పట్టీ, జేబు లోపలి గుడ్డ, మందం కుట్లు, హుడీ టోపీ, సాక్స్ వేళ్ల దగ్గర చూడాలి. అక్కడ ఆరితే అంతా ఆరినట్టే.

అనుమానం తీరకపోతే మన సైట్ పద్ధతి ఉంది. ఫ్లోరింగ్ వేసేముందు కాంక్రీట్ స్లాబ్ మీద 18 అంగుళాల ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపు వేసి, కనీసం 16 గంటలు ఉంచుతాం. కింద నీటి చుక్కలుంటే స్లాబ్‌లో చెమ్మ ఉన్నట్టే. బట్టకి అంతసేపు అక్కర్లేదు. వేడిగా ఉన్నప్పుడే ఒక మందం సాక్స్‌ని జిప్ కవర్లో పెట్టి మూయండి. చల్లారాక లోపల నీటి చుక్కలు కనిపిస్తే ఇంకో ఇరవై నిమిషాలు తిప్పాలి.

కాయిన్లు వేసే మిషన్లు చాలావరకు టైమే చూస్తాయి, తడి చూడవు. సెన్సార్ ఉన్నవాటిలో డ్రమ్ము దగ్గర రెండు లోహపు పట్టీలుంటాయి. తడి బట్ట తగిలితే వాటి మధ్య సన్నగా కరెంటు పారుతుంది. రెండు మూడు బట్టలే వేస్తే సరిగ్గా తగలవు, ఆరాయనుకుని మిషన్ ఆగిపోతుంది. దుప్పటి ఉండచుట్టుకుంటే పైన పొడి, లోపల తడి. మధ్యలో ఆపి, విప్పి మళ్లీ వేయండి.

ప్రతిసారీ జాలీలో పేరుకున్న నూగు తీసేయండి. అది అడ్డుపడితే గాలి ఆడదు, బట్టలు ఆరవు. అంతకన్నా పెద్ద ప్రమాదం నిప్పు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008–2010 లెక్కల్లో ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే.

చెమ్మ లోదుస్తులతో తామర పట్టుకుంటుంది. తడి సాక్స్ ఇంకా ప్రమాదం. కాళ్లు గంటల తరబడి తడిగా ఉంటే, మంచు పడక్కర్లేదు, 60 డిగ్రీల ఫారన్‌హీట్‌లో కూడా పాదాల చర్మం, నరాలు దెబ్బతింటాయి.

వెనక రూమ్మేట్లు ఎదురుచూస్తున్నారని సగం తడితో తీసేయకండి. ఎదురుచూసేవాళ్లు కూడా తొందరపెట్టకండి. బ్యాగులో ఇంకో జత పొడి సాక్స్ పెట్టుకోండి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మార్చుకోండి. పాదాలు బాగుంటేనే రేపు పనికి వెళ్లగలం.