అవ్వ పాటల పుస్తకము - పైథాన్ అక్షరాల పట్టిక
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)

పంచాంగ శ్రవణము ముగిసీ ముగియకముందే కంప్యూటరు సంగతులు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని నిలబెట్టినారు. పచ్చడిలోని వేపపూత చాలదా, ఈ చేదు కూడా దేనికని ఎవరైనా అనుకొంటే ఆ తప్పు మాది కాదు. మేము చదివినది మెట్రిక్యులేషను, చేసేది రైల్వేలో గుమాస్తా పని. పైథాన్ అనే కంప్యూటరు భాషను మా మేనల్లుడు వదిలేసిన పుస్తకం ముందర పెట్టుకొని, డ్యూటీ లేని రాత్రులలో కొంత కొంత నేర్చుకొన్నాము. అంతకు మించిన అధికారం మాకు లేదు.

పంచాంగం ఏటేటా ఉగాదికి వచ్చినట్లు, పైథాన్‌కు ఏటేటా అక్టోబరులో ఒక కొత్త కూర్పు వస్తున్నది. 2021లో 3.10, 2022లో 3.11, అట్లా 2025 అక్టోబరు 7న 3.14 వచ్చింది. భాషతోబాటు ఒక గ్రంథాలయం కూడా ఉంటుంది. గ్రంథాలయమంటే పుస్తకాలు కావు. లెక్కలకు, తేదీలకు, తంతి వ్యవహారాలకు ముందే తయారుచేసి పెట్టిన పనిముట్లు. ప్రతి కూర్పుతోను ఏమి చేరినది, ఏమి పోయినది చెప్పే ఒక పత్రం వెలువడుతుంది. చదువుకొన్నవాళ్ళు అందులో పెద్ద పెద్ద సంగతులే చూస్తారు. 3.10లో విలువ ఏ రూపంలో ఉన్నదో చూచి దారి మళ్ళించే మ్యాచ్ అనే వాక్యం వచ్చింది. 3.11 అంతకు ముందుదానికంటె సగటున 1.25 రెట్లు వేగంగా నడుస్తుందని తయారుచేసినవారే చెప్పినారు. 3.13లో వాడకం తప్పిన 19 పనిముట్లను గ్రంథాలయంలోనుంచి ఒక్కసారిగా తీసివేసినారు. ఇవన్నీ గొప్పవే, కాదనము. అయితే ఆ పత్రంలో ఎక్కడో అడుగున, యూనికోడ్ పట్టికను ఫలానా సంఖ్యకు మార్చినామని ఒక్క పంక్తి ఉంటుంది. ఎవరూ చదవని ఆ పంక్తి గురించే ఈనాడు మా మనవి.

ఎందుకో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పవలె. మాది మిట్టేమరి, బాగేపల్లి తాలూకా. 2007 వరకు కోలారు జిల్లా, ఆ తరువాత చిక్కబళ్ళాపురం జిల్లా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడము. పుట్టి బుద్ధెరిగినది మొదలు తెలుగే పలికి, తెలుగులో ఒక్క అక్షరం రాయలేనివారు మా పక్కన వేలమంది ఉన్నారు. మేమూ అట్లాంటివారమే. ఉద్యోగంలో చేరిన తరువాత హిందూపురం వైపు స్టేషన్ల పేరుబల్లలు చూచి తెలుగు అక్షరాలు గుర్తుపట్టుకొన్నాము. నవ్వకండి, బల్లమీద అంత పెద్ద అక్షరాలు ఏ వాచకంలోను ఉండవు.

మా అవ్వ నాలుగో తరగతి వరకు కన్నడ బడిలో చదివింది. ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉన్నది. పెండ్లిపాటలు, దంపుళ్ళ పాటలు, ఎగతాళి పాటలు నలభైకి పైగా. పాటలన్నీ తెలుగు, అక్షరాలన్నీ కన్నడము. మా చెల్లెలిని హిందూపురానికి ఇచ్చినాము. ఆమె కూతురు అక్కడి బడిలో తెలుగు చదువుతున్నది. ఆ బిడ్డ సెలవులకు వచ్చి అవ్వ పుస్తకం చేతికి తీసుకొని, తలక్రిందులుగా పట్టుకొని, ‘అవ్వా, ఇది ఏం భాష?’ అని అడిగింది. అవ్వ ఏమీ అనలేదు. రాత్రి మాతో మాత్రం, ‘ఏమప్పా, నా పాటలు నా బిడ్డలకే చదవను రావా?’ అన్నది. ఆమె చూపు మందగిస్తున్నది. మేము రాసి ఇస్తామని మాట ఇచ్చినాము.

చేత్తో రాసి ఉండవచ్చును. లిపులు మార్చే సాధనాలు సిద్ధంగా దొరుకుతాయి కూడాను. కాని నేర్చుకొన్న విద్య ఇంటి పనికి రాకపోతే ఎందుకని మేమే పూనుకొన్నాము. పుస్తకమంతా కన్నడంలోనే టైపు చేసినాము, కొన్ని పుటలు మేనల్లుడు చేసి పెట్టినాడు.

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉన్నది. కంప్యూటరులో ప్రతి అక్షరానికి ఒక నెంబరు. తెలుగు అక్షరాల వరుస 3072 దగ్గర మొదలవుతుంది, కన్నడ వరుస 3200 దగ్గర. భారతీయ లిపులన్నిటికి ఒకే అమరిక ఉండవలెనని మన ప్రభుత్వం ఇస్కీ అనే ప్రమాణం చేయించింది. దాని 1988 నాటి రూపాన్ని అనుసరించి 1991లో యూనికోడ్‌వారు ఈ వరుసలు పెట్టినారు. పైథాన్ మొదటిసారి బయటికి వచ్చినదీ ఆ 1991లోనే. అమరిక ఒకటే కావడంచేత తెలుగు ‘మ’ 3118 అయితే కన్నడ ‘మ’ 3246. తేడా 128. ఏ అక్షరం తీసుకొన్నా దాదాపు అంతే. కన్నడ అక్షరంలోనుంచి 128 తీసివేస్తే తెలుగు అక్షరం వచ్చి కూర్చుంటుంది! పక్క పక్కన వేసిన రెండు పట్టాలవలె రెండు లిపులు ఎంత దూరమైనా అదే ఎడంతో పోతున్నవి.

సంతోషంగా మొదలుపెట్టినాము. మేనల్లుడి పుస్తకం పాతది, పైథాన్ 2 నాటిది. పరీక్షకు మా ఊరి పేరే ఇచ్చి, మిట్టేమరిలో ఎన్ని అక్షరాలని అడిగితే 27 అన్నది. నాలుగక్షరాల ఊరికి 27 ఏమిటి? పాత పైథాన్ అక్షరాలను కాక, యంత్రం దాచుకొనే తునకలను లెక్కపెట్టేది. తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు తునకలు. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 ఈ పద్ధతి మార్చింది. అందులో అడిగితే 9 వస్తుంది: మకారము, గుడి, టకారము, పొల్లు, మళ్ళీ టకారము, ఏత్వము, మకారము, రేఫ, గుడి. మేలే గదా. కాని పాత ప్రోగ్రాములు కొత్తదానిలో నడవలేదు. మా చిక్కబళ్ళాపురం, కోలారు నడుమ నారోగేజి పట్టా ఉండేది. దానిని బ్రాడ్‌గేజి చేసి 2013లో బండ్లు నడిపించినారు. నారోగేజి పెట్టె తెచ్చి బ్రాడ్‌గేజిమీద పెడితే నడుస్తుందా? ఇదీ అంతే. పదకొండేండ్లు రెండు పైథాన్లు పక్కపక్కన నడిచి, 2020 జనవరి 1న పాతదానికి ఆదరణ ఆగిపోయింది.

పైథాన్ 3కు వచ్చినాక పాటలు బాగానే మారినవి. మేనల్లుడు టైపు చేసిన పుటలలో మాత్రం ఏత్వాలు చెడినవి. కన్నడ ఏత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేక ఎత్వము, దీర్ఘపు గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. తెలుగులో ఏత్వానికి ఆ రెండు ముక్కల వ్యవహారం లేదు. గ్రంథాలయంలో యూనికోడ్‌డేటా అనే పనిముట్టు ఉన్నది. దానిచేత ముందు ముక్కలను కలిపించి, ఆ తరువాత 128 తీసివేస్తే సరిపోయింది. ఈ సంగతి తెలుసుకొనడానికి మాకు రెండు వారాలు పట్టింది.

అసలు చిక్కు ఒక ఎగతాళి పాట దగ్గర వచ్చింది. కాఫీ తాగే కోడలిమీద పాట అది. అవ్వ పుస్తకంలో ఆ ‘ఫ’ క్రింద చుక్కలున్నవి. పరభాషా శబ్దాన్ని చూపడానికి కన్నడంలో అట్లా పెడతారు, దాని నెంబరు 3260. మేము ప్రతి అక్షరాన్ని పట్టికలో పేరు అడిగి గాని దాటనిచ్చేవారము కాము, గుమాస్తా బుద్ధి. 3260లో 128 తీసివేస్తే 3132. ఆ పేరుగలవారు ఎవరూ లేరని ప్రోగ్రాము ఆగిపోయింది. నిజంగానే లేరు. తెలుగు వరుసలో ఆ గది ముప్పైయేండ్లు ఖాళీగా ఉండి, 2021లో వచ్చిన యూనికోడ్ 14లో నిండింది. పాత అచ్చు పుస్తకాలలోని నకారపొల్లుకు కూడా అప్పుడే చోటు దొరికింది. మా యంత్రంలో ఉన్నది 3.10, దాని పట్టిక యూనికోడ్ 13 నాటిది. 2022 అక్టోబరు 24న వచ్చిన 3.11లో పట్టిక 14కు మారింది. కొత్త కూర్పు దించుకొని అదే ప్రోగ్రాము నడిపితే, మారుమాటాడకుండా దాటిపోయింది. వేగం సంగతి మాకు తెలియదు గాని, అవ్వ కాఫీ పాటకు దారి ఇచ్చినది 3.11.

అన్నీ బాగైనవని మాత్రం అనుకోవద్దు. పాటల చివర మాటల పట్టిక ఒకటి వేయవలెనని, మాటలను ఏరే పనిముట్టుకు పని అప్పగించినాము. అది గుణింతపు గుర్తులను అక్షరాలుగా ఒప్పుకొనదు. మిట్టేమరిని ఇస్తే ‘మ’, ‘ట’, ‘ట’, ‘మర’ అని నాలుగు ముక్కలు చేసింది. ఇంకా విచిత్రం, అదే మిట్టేమరి అనే మాటను పైథాన్‌లో ఒక విలువకు పేరుగా పెట్టుకోవచ్చు, అభ్యంతరం లేదు. ఇందులో అన్నీ అక్షరాలేనా అంటే మాత్రం కాదంటుంది. వరుసగా పేర్చమంటే ‘ళ’ను ‘వ’కు ముందు పెడుతుంది. 9 కాదు, మనం పలికే నాలుగు అక్షరాలు లెక్కపెట్టే పనిముట్టు 3.14 గ్రంథాలయంలో కూడా లేదు. 2023 నాటి యూనికోడ్ 15.1 నియమం ప్రకారం ‘ట్టే’ ఒకే అక్షరం, తెలుగులో. కన్నడాన్ని ఆ నియమంలో చేర్చలేదు. కాబట్టి మిట్టేమరి తెలుగులో రాస్తే నాలుగు, కన్నడంలో రాస్తే అయిదు! ఊరు ఒకటే, జనం వాళ్ళే.

పోయిన సంక్రాంతికి పాటలు అచ్చుతీసి అవ్వకు చదివి వినిపించినాము. చుక్కల ‘ఫ’ దగ్గర కాగితంమీద ఉత్త గడి పడింది. మా దగ్గరున్న అచ్చులో ఆ గుర్తుకు బొమ్మ లేదు. ఇంత కష్టపడినామే అని ఆ సంగతంతా అవ్వకు విడమరచి చెప్పినాము.

‘ఆ చుక్కలు ఐవారు పెట్టమన్నాడని పెట్టినా నాయనా. మేం కాఫీ ఎప్పుడంటిమి? కాపి అంటాము. కాపి అనే రాయి’ అన్నది.

రాసినాము. హిందూపురం బిడ్డకు పుస్తకం పంపితే, ఫోనులో ఒక పాట మొదటినుంచి కడదాకా చదివింది. అవ్వ ఫోను చెవికి ఆనించుకొని విని, ‘చాలు’ అనే మాట దగ్గర ఆపి, ఆ ‘చ’ అట్లా కాదని మూడుసార్లు పలికి చూపింది. ఆ దంత్య చకారానికి తెలుగులో నెంబరు 2008లోనే ఇచ్చినారు. అవ్వ పుస్తకంలో మాత్రం రెండు చకారాలూ ఒకే తీరున ఉన్నవి. ఎక్కడెక్కడ ఏది పలకవలెనో ఆమెను అడిగి గుర్తు పెట్టుకొంటున్నాము. ఈ నెలకు పదకొండు పాటలైనవి.