నీలం ఆలస్యమైన నాడు



ప్లాటినం జూబిలీ వంటి శుభసందర్భంలో పేరుగాంచినవారి విజయాలను స్మరించడం వాడుక. ఈ ప్రసంగానికి విషయం మాత్రం విజయం కాదు. విజయానికి ముందు ఎవరి కంటా పడకుండా గడిచిపోయే సంవత్సరాలు. విజ్ఞానశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, అది చాలక పరిశోధనలో చేరిన విద్యార్థికి రోజు ఎలా గడుస్తుంది? ఈ సభలో ఉన్న తల్లిదండ్రులలో కొందరికి ఈ ప్రశ్న కొత్తది కాదు. కొడుకో కూతురో ఎం.ఎస్సీ. ముగించి పరిశోధనకు పోతారు. రెండేళ్లు గడుస్తాయి, మూడేళ్లు గడుస్తాయి. పెళ్లిపందిట్లో చుట్టాలు "మీవాడింకా చదువుతూనే ఉన్నాడా?" అని అడుగుతారు. ఏమి చదువుతున్నాడో చెప్పడానికి తల్లికి మాటలు దొరకవు. నిజానికి, చాలా రోజులపాటు ఆ విద్యార్థికీ దొరకవు.

అటువంటి విద్యార్థి ఒకడు ఈ చెన్నపట్నం వీధులలోనే తిరిగాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలు నుండి గట్టెక్కాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాల, ఆపైన మద్రాసు వైద్య కళాశాల. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులు తొడుక్కొని వెళ్లి ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. స్ప్రూ అనే ప్రేగుల వ్యాధి అప్పటికే ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకొన్నది. ఆ దుఃఖమే ఆయనను మందుల వైపు తిప్పిందని ఆయన జీవితం తెలిసినవారు అంటారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతోను, మామగారు కూడబెట్టి ఇచ్చిన సొమ్ముతోను 1923 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరుకొన్నాడు.

సుబ్బారావుగారి మీద వ్యాసాలు సాధారణంగా ఆయన మందుల జాబితాతో మొదలవుతాయి. ఆ జాబితాకు ఇక్కడ తొందర లేదు. ఆయన బోస్టన్‌లో విద్యార్థిగా గడిపిన కాలమే ఎక్కువ చెప్పుకోదగినది.

చేతిలో మద్రాసు వైద్యపట్టా ఉన్నా, అక్కడ వైద్యం చేయడానికి అనుమతి లేదు. కనుక పొట్టకూటికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పనివాడుగా కుదిరాడు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. డాక్టరుగారని పిలిపించుకోవలసినవాడు ఆ పని చేశాడు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా 1924లో చేతికి వచ్చింది. తరువాత అక్కడి జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కె వద్ద చేరాడు.

అక్కడ ఆయనకు దొరికిన మొదటి పని వినడానికి చాలా చిన్నది: రక్తంలోను, మూత్రంలోను ఎంత భాస్వరం ఉన్నదో కొలిచే తేలిక మార్గం కనిపెట్టడం. రోగం నయం చేయడం కాదు, కొత్త పదార్థం కనుగొనడం కాదు, కేవలం కొలత. పద్ధతి ఇది. పరీక్షించవలసిన ద్రవంలో గంధకామ్లం, అమోనియం మాలిబ్డేటు కలుపుతారు. ద్రవంలో ఫాస్ఫేటు ఉంటే అది మాలిబ్డేటుతో కూడుతుంది. దానికి అమైనోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లమనే మరొక ద్రావణం చేరిస్తే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన పరిమాణం గల నాళికను పక్కన పెట్టి, కలరీమీటరులో రెండు నీలాలనూ కంటితో పోల్చి లెక్క కడతారు.

చెప్పడానికి నాలుగు వాక్యాలు, చేయడానికి నెలలు. ఆమ్లం ఎంత ఉండాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి, ఏ పదార్థం అడ్డుపడుతుంది అన్నవన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. సరిగా కడగని గాజునాళిక ఒకటి చాలు, ఒక దినం శ్రమ వ్యర్థం కావడానికి. ఇటువంటి పనిలో విద్యార్థి జీవితంలో సగభాగం కడగడం, తూచడం, ఎదురుచూడడంతోనే సరిపోతుంది. వంటింట్లో గృహిణి చేసే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఈ పనినీ అంతే. ఫిస్కె, సుబ్బారావుల ఈ పద్ధతి 1925లో అచ్చయింది.

అసలు కథ ఆ తరువాతది. అదే పద్ధతితో వారు కండరం నుండి తీసిన ద్రవాన్ని పరీక్షించారు. నీలం వచ్చింది, కాని రావలసిన వేళకు రాలేదు. మామూలు ఫాస్ఫేటు అయితే కొద్ది నిమిషాలలో నిలకడకు రావలసిన రంగు, ఇక్కడ మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది.

ఇటువంటి వేళ ఏ విద్యార్థికైనా మొదట తట్టేది తన తప్పే. మందు పాతబడిందేమో, ఆమ్లం హెచ్చయిందేమో, నిద్రలేని కన్ను సరిగా చూడలేదేమో. మరికొంతసేపు ఆగి, రంగు నిలిచాక అంకె రాసుకొని ఇంటికి పోయేవాడు అబద్ధమాడినట్టు కూడా కాదు. ఫలితం వస్తుంది, పట్టికలో గడి నిండుతుంది. ఆ ఇద్దరూ అలా చేయలేదు. నీలం ఎందుకు ఆలస్యమయిందని అడిగారు. (ఆ ప్రశ్న అడగడానికి గొప్ప ఇంగ్లీషు ఏమీ అక్కరలేదు, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు తెలుగులోనే అడగవచ్చు.)

కండరంలో ఉన్నదంతా మామూలు ఫాస్ఫేటు కాదన్నదే జవాబు. అందులో పెద్దపాలు క్రియాటిన్ అనే పదార్థంతో ముడిపడి ఉన్నది. పరీక్ష కోసం కలిపిన ఆమ్లమూ మాలిబ్డేటూ ఆ ముడిని నెమ్మదిగా విప్పుతున్నాయి. విడిన కొద్దీ నీలం చిక్కబడుతున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. కండరం కదలికను లాక్టిక్ ఆమ్లంతో వివరించిన హిల్, మయర్‌హాఫ్‌లకు 1922లో నోబెల్ బహుమతి వచ్చి ఉన్నది. ఆ వివరణకు ఆలస్యమైన ఒక రంగు ఎసరు పెట్టింది. 1929లో అదే పరిశోధనశాల నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేటు వార్త వెలువడింది. ప్రతి జీవకణమూ శక్తిని ఖర్చు పెట్టే నాణెం అదేనని తరువాత తేలింది.

పరిశోధక విద్యార్థికి మరొక దిగులు ఉంటుంది. దానిని ఇంట్లోవారు ఊహించలేరు. తాను చేస్తున్నది మరెక్కడో మరొకరు ముందే చేసేస్తారేమోనని. ఆ దిగులు వట్టిది కాదు. 1927లో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కండరంలో అదే అస్థిర ఫాస్ఫేటును గుర్తించి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. 1929లో జర్మనీలో లోమన్ అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుగా పట్టుకొన్నాడు. రెండుసార్లూ పక్కనే మరొకరి అడుగుల చప్పుడు వినిపించింది.

సుబ్బారావుకు పిహెచ్.డి. 1930లో వచ్చింది. అప్పటికి ఇల్లు విడిచి ఏడేళ్లు. ఆయన సముద్రం దాటిన తరువాత భార్య శేషగిరికి కొడుకు పుట్టాడు. పసితనంలోనే జబ్బు చేసి పోయాడు. తండ్రి బిడ్డ ముఖం చూడలేదు. పరిశోధన గొప్పదని చెప్పేటప్పుడు ఈ మాటను దాటవేయడం న్యాయం కాదు. నీలిరంగు కోసం ఒకరు బోస్టన్‌లో ఎదురుచూశారు. మరొకరు ఇక్కడ ఎదురుచూశారు. మొదటి నిరీక్షణకు పత్రికలో అచ్చులో పేరు దక్కింది.

హార్వర్డులో శాశ్వత స్థానం దొరకక 1940లో ఆయన లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు వెళ్లాడు. మిగిలినది చాలామందికి తెలిసినదే. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుల ప్రాణం తీసిన స్ప్రూకు అది ఉపకరించింది. బోదకాలు వ్యాధికి ఇచ్చే డైఇథైల్‌కార్బమజైన్ కూడా అక్కడి నుండే 1947లో వచ్చింది. మన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పంచే బిళ్ల అదే. 1948 ఆగస్టులో, ఏభై మూడేళ్ల వయసులో, ఆయన అమెరికాలోనే నిద్రలో కన్నుమూశాడు. స్వదేశానికి తిరిగి రాలేదు.

జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు నేటికీ ప్రయోగ తరగతిలో వరుసగా నాళికలు పేర్చి, మాలిబ్డేటు పోసి, నీలం కోసం గడియారం చూస్తూ నిలబడతారు. రికార్డు పుస్తకంలో శీర్షిక "ఫిస్కె–సుబ్బారావు పద్ధతి" అని రాస్తారు. ఆ రెండవ పేరు తిరువల్లిక్కేణిలో మెట్రిక్యులేషన్ మూడవసారి రాసిన కుర్రవాడిదని వారిలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.