నా పేపర్ నేనే దిద్దుకున్న కథ: సిమ్యులేషనా, బూట్‌స్ట్రాపా?

ఈరోజు స్టాండర్డ్ ఎర్రర్ గురించి. పేరు వినగానే స్కిప్ చెయ్యకండి, ఇందులో నేను బోల్తాపడ్డ కథ కూడా ఉంది.

పీజీ ప్రాజెక్టులో నాది కౌంట్ డేటా. అంటే 0, 1, 2, 3 అని లెక్కపెట్టేది. పాయిజాన్ మోడల్ వేశాను, స్టాండర్డ్ ఎర్రర్లు వచ్చాయి. అవి సరైనవో కాదో చూద్దామని అదే మోడల్ నుంచి వెయ్యిసార్లు డేటా సిమ్యులేట్ చేసి, ప్రతిసారీ మళ్ళీ ఫిట్ చేశా. రెండూ దాదాపు ఒకటే! "చెక్ చేశాను సార్" అన్నా ధైర్యంగా. మా గైడ్ ఒక్కటే అడిగారు: "నీ పేపర్ నువ్వే దిద్దుకుని నూటికి నూరు వేసుకున్నావా?"

ఆ మాట అప్పుడు ఎక్కలేదు. ఆపిల్ ఆకులతో ఎక్కింది.

1953లో బ్లిస్, ఫిషర్ వ్యాసంలో వచ్చిన డేటా ఇది. ఆరు ఆపిల్ చెట్లు, చెట్టుకి 25 ఆకులు, మొత్తం 150. ఒక్కో ఆకు మీద ఎన్ని ఎర్రనల్లులు ఉన్నాయో లెక్కపెట్టారు. 70 ఆకుల మీద ఒక్కటీ లేదు. 38 ఆకుల మీద ఒకటి, 17 మీద రెండు, 10 మీద మూడు, 9 మీద నాలుగు, 3 మీద ఐదు, 2 మీద ఆరు, ఒక్క ఆకు మీద ఏడు. మొత్తం 172 నల్లులు, సగటు 1.15.

పాయిజాన్‌లో సగటు ఎంతో వేరియన్స్ అంతే. ఆ లెక్కన సగటు స్టాండర్డ్ ఎర్రర్ 0.087. ఆ పాయిజాన్ నుంచే సిమ్యులేట్ చేస్తే మళ్ళీ 0.087 దగ్గరే వస్తుంది. రాక ఏమవుతుంది? మనం పోసిన నీళ్ళే కదా కుళాయిలోంచి వచ్చేది!

ఇప్పుడు బూట్‌స్ట్రాప్. 1979లో ఎఫ్రాన్ చెప్పిన పద్ధతి. 150 ఆకుల అంకెలు చీటీల మీద రాసి డబ్బాలో వెయ్యండి. ఒకటి తియ్యండి, రాసుకోండి, మళ్ళీ డబ్బాలో వేసెయ్యండి. అలా 150 సార్లు తీసి సగటు కట్టండి. ఈ మొత్తం పనిని వెయ్యిసార్లు చేసి, ఆ సగటులు ఎంత చెదిరాయో చూడండి. 0.12 వస్తుంది. ఎందుకంటే డేటాలో అసలు వేరియన్స్ 2.26, సగటుకి దాదాపు రెట్టింపు. నల్లులు గుంపులుగా ఉంటాయి మరి, ఆకుకి ఇన్నని పంచుకుని కూర్చోవు.

అలాగని సిమ్యులేషన్ పనికిరాదని కాదు. 1898లో బోర్ట్‌కేవిచ్ పుస్తకంలో వచ్చిన ప్రష్యా గుర్రపు తన్నుల డేటా చూడండి. అందులో ఎక్కువగా వాడే భాగంలో 200 లెక్కలు, 122 మరణాలు. సగటు 0.61, వేరియన్స్ కూడా 0.61. ఏ దారిన వెళ్ళినా 0.055. మోడల్ నిజమైనచోట గొడవే లేదు.

బూట్‌స్ట్రాప్‌కీ ఒక గుడ్డితనం ఉంది. మనం 150 చీటీలు విడివిడిగా తీశాం. కానీ అవి ఆరు చెట్లవి! ఒకే చెట్టు ఆకులు ఒకదానికొకటి పోలి ఉండొచ్చు. అప్పుడు ఆకుల్ని కాదు, చెట్లనే చీటీలుగా తియ్యాలి. ఆరు చీటీలతో కుదిరే కలయికలు 462 మాత్రమే, నమ్మడానికి చాలా తక్కువ. సిమ్యులేషన్ అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చెట్టుకీ చెట్టుకీ తేడా పెట్టి, నిజమైన సగటు మనకి ముందే తెలిసిన నకిలీ తోటలు తయారుచేసి, బూట్‌స్ట్రాప్ ఇచ్చే 95 శాతం ఇంటర్వల్ నిజంగా వందకి 95 సార్లు ఆ సగటుని పట్టుకుంటోందా అని చూడాలి. నేను మోడల్‌ని మోడల్‌తోనే పరీక్షించా. పరీక్షించాల్సింది పద్ధతిని.

ప్రాజెక్టు సంగతా? బూట్‌స్ట్రాప్ చేశాక మూడు స్టార్లున్న వేరియబుల్‌కి ఒక్క స్టార్ కూడా మిగల్లేదు. సబ్‌మిషన్‌కి పదిరోజుల ముందు చాప్టర్ మొత్తం తిరగరాశా.

ఆకుల లెక్క పైన చెప్పేశాను కదా, ఫోన్‌లోనే కోడ్ రాసి చూడండి. చివరి ఆకు, అదే ఏడు నల్లులది, మీ శాంపిల్స్‌లో సుమారు 37 శాతం వాటిలో అసలు కనిపించదు. ఎందుకో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.