తడిగుడ్డ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నన్ను పరిశ్రమల గురించి మాట్లాడమన్నారు. నేనొక మ్యూజియం గురించి చెబుతాను, అయిదు నిమిషాలు ఓర్చుకోండి.

1984 డిసెంబరు మొదటివారం. మేం తొమ్మిదో తరగతి. సైన్సు మాస్టారు భోపాల్ వార్త ఉన్న పేపరు పట్టుకుని క్లాసుకొచ్చారు. ఆ రోజు పాఠం లేదు. "గోడవతల ఉన్నవాళ్లకి లోపల ఏముందో ఒక్కరూ చెప్పలేదేంరా?" అని అడిగారు. మాకేం తెలుసు? తలలు దించుకున్నాం. (మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. పేరు చెబితే కోప్పడతారు.)

తరవాత కెమికల్ ఇంజనీరింగ్‌లో భోపాల్ నాకొక పాఠమైంది. సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ ఉన్న ట్యాంకులోకి నీళ్లు చేరాయి. దాన్ని చల్లగా ఉంచాల్సిన యంత్రాన్ని నెలల కిందటే ఆపేశారు. గ్యాసును మండించే ఫ్లేర్ టవర్‌కి వెళ్లే గొట్టం మరమ్మతుకని విప్పి ఉంది. నీటిజల్లు అంత ఎత్తుకు అందలేదు. ఇవన్నీ పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

కొన్నేళ్ల కిందట పనిమీద భోపాల్ వెళ్లినప్పుడు 'రిమెంబర్ భోపాల్' మ్యూజియం చూశాను. దుర్ఘటన జరిగిన 30 ఏళ్లకు, 2014లో, బాధితులు పూనుకుని పెట్టుకున్నది. ప్రభుత్వ సొమ్ము, కంపెనీల సొమ్ము వద్దనుకున్నారు. పెద్ద భవనమేం కాదు. పోయినవాళ్ల బట్టలు, వస్తువులు ఇంటివాళ్లు తెచ్చి ఇచ్చారు. అక్కడ టెలిఫోన్ రిసీవర్లుంటాయి. చెవి దగ్గర పెట్టుకుంటే బతికి బయటపడ్డవాళ్ల గొంతు వినిపిస్తుంది. నా హిందీ అంతంతమాత్రం. అయినా రిసీవరు కింద పెట్టలేకపోయాను.

ఆ రాత్రి ఊరికి వినిపించే సైరన్ కాసేపు మోగి ఆగిపోయింది. జనం గాలి వీచే వైపే పరిగెత్తారు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నా కొంత మేలు జరిగేది. ఆ ముక్క చెప్పినవాడు లేడు. 2020లో మన విశాఖ వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి కమ్మినప్పుడూ సైరన్ మోగలేదు.

ఇంకొకటి ఇప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మోనియా ట్యాంకు అలారం ఊరికే మోగుతోందని, రెండు రోజులు ఆపి ఉంచడానికి నేను సంతకం పెట్టాను. రెండు రోజులు పదకొండు రోజులయ్యాయి. ఏమీ జరగలేదు. అందుకే ఎవరూ అడగలేదు. మ్యూజియంలో ఆ రిసీవరు పట్టుకుని నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది ఆ సంతకమే.

ఇప్పుడు పనిచేసే ఫ్యాక్టరీ గోడ పక్క ఊరి బడికి ఏడాదికోసారి వెళుతున్నాను. లోపల ఏ గ్యాసుందో చెబుతాను. వాసనొస్తే గుడ్డ తడిపి ముక్కుకు పట్టుకోమని, గాలికి అడ్డంగా నడవమని చెబుతాను. మొన్న ఏడో తరగతి అమ్మాయి లేచి, "సైరన్ పాడైపోతే మాకెలా తెలుస్తుందండీ?" అంది. సమాధానం చెప్పడానికి తడబడ్డాను. తిరిగొచ్చి, ఆ ఊరి సర్పంచికీ హెడ్మాస్టరుకీ కంట్రోల్ రూమ్ నుంచి నేరుగా ఫోన్ వెళ్లేలా ఏర్పాటు చేశాం. ప్రతి సోమవారం ఉదయం ఫోన్ చేసి చూస్తున్నాం.

మాస్టారూ, మీరానాడు అడిగిన దానికి ఇప్పటికి ఇంతే చేయగలిగాను.