కలివికోడి జాడ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభ అనగానే వక్తలందరూ కోయిలనే తలుస్తారు. మన రాయగడ మామిడి తోపుల్లో దానికి కొదవ లేదు. కూత వినగానే పసివాడైనా పేరు చెబుతాడు. మేము ఈ పూట మనవి చేయదలచినది కవులు అంతగా పట్టించుకోని వేరొక పిట్టను గురించి. పేరు కలివికోడి. నివాసం కడప జిల్లాలో లంకమల కొండల దాపు. అది ఇసుక ఎడారి కాదు. కాని రాతినేల, ముళ్ళపొదలు, కలివిచెట్లు, మండే ఎండ; కొండవాగుల నడుమ బ్రతికే మన కళ్ళకు ఎడారి క్రిందే లెక్క.

మద్రాసు సర్కారు కొలువులోని జెర్డన్ అనే వైద్యుడు దీనిని కనుగొన్నాడు. 1848లో బ్లైత్ పండితుడు శాస్త్రనామం పెట్టాడు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిన పిమ్మట జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ గారికి తిరిగి దొరికింది. దొరికిందనడం కంటే చూపించారనడం న్యాయం. అక్కడ పిట్టలు పట్టేవారు దానిని ఎరుగుదురు. వారిలో ఒకరు రాత్రి దీపం వెలుగులో పట్టినదే తొలి సాక్ష్యం. శాస్త్రానికి 86 ఏళ్ళు కనబడని పిట్టకు మన తెలుగులో పేరు మాత్రం చెక్కుచెదరక ఉన్నది!

గుర్తుపట్టడం ఎట్లా? జానెడుకు కొంచెం పైన ఉంటుంది. మట్టిరంగు వీపు, కంటిపైన తెల్లని చార, గొంతు మీద ఎర్రమట్టి మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలు మెట్టపొలాల్లో పరుగులు తీసే దాని దాయాదికి ఈ పట్టీలుండవు. చిక్కేమిటంటే ఇది పగలు పొద వదలదు, చీకటి పడ్డాకనే మేత. అందువల్ల పరిశీలకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి అడుగుజాడలు చూశారు. వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. దాని కూత 2000 తరువాతగాని రికార్డు కాలేదు. రెండు మాత్రల చిన్న కూత, అదీ సందె చీకట్లో కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ తరువాత మళ్ళీ చాలా ఏళ్ళు చిక్కక, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే ఆ కూత తిరిగి రికార్డయింది.

దీనికి కావలసిన అడవి కూడా చిత్రమైనది. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలుండాలి, నడుమ నేల బోసిగా ఉండాలి. మేకలు అసలు మేయకపోతే పొదలు అల్లుకుపోతాయి. కట్టెలకు నరికితే నీడ పోతుంది. నిమ్మతోటలు వేస్తే ఇక చెప్పనే అక్కరలేదు. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకం ఈ పొదల మీదికే వచ్చింది. రాయలసీమకు నీరు వద్దని ఎవరనగలరు? మేమనలేము. కాలువ దారి మార్చారు; నీరూ ఆగలేదు, పొదలూ కొంత మిగిలాయి. ఇది మంచి పని అని మా అభిప్రాయం. బట్టమేక సంగతి అట్లా జరగలేదు. కర్నూలు సీమలోని రోళ్ళపాడులో దానికోసమే 1988లో అభయారణ్యం ఏర్పడినా, నేడు మిగిలిన కొద్ది పక్షుల్లో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో, జైసల్మేర్ దిక్కున ఉన్నవి.

సెలవుల్లో కడప వెళ్ళే మిత్రులకు ఒక విన్నపం. అటవీశాఖ అనుమతి లేకుండా టార్చిలైట్లతో రాత్రి ఆ పొదల్లోకి పోవద్దు. ఊరి పెద్దల దగ్గర కూర్చుని మెట్టపిట్టల పేర్లు అడిగి వ్రాసుకుని రండి. వచ్చే ఏటి సంచికలో అచ్చువేయమని కార్యదర్శిగారిని మేము అడుగుతాము.