అల వేగం, కాలేయం గట్టిదనం

మనం బడిలో చదివిన అలల పాఠం ఇప్పుడు పిల్లల కాలేయానికి పనికొస్తోంది. ఎలాస్టోగ్రఫీ అనే అల్ట్రాసౌండ్ పరీక్షలో కాలేయంలోకి చిన్న అల పంపి, దాని వేగం కొలుస్తారు. కాలేయం గట్టిపడేకొద్దీ వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గట్టిదనం నాలుగింతలు. సూది గుచ్చి ముక్క తీసే బయాప్సీ ప్రతిసారీ అక్కర్లేదు. అయితే బిడ్డ అప్పుడే పాలు తాగినా, ఏడుస్తూ కదిలినా అంకె మారవచ్చు. ఆ ఒక్క అంకెతోనే జబ్బు తేల్చరు.

యంత్రం దాకా బిడ్డను తీసుకెళ్లాల్సింది మాత్రం మనమే. పుట్టిన 2 వారాలు దాటినా కామెర్లు తగ్గకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా ఉన్నా, ఎండలో పడుకోబెడితే పోతుందని ఊరుకోకండి. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బైతే 60 రోజుల లోపు ఆపరేషన్ జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఈ మాట మీ ఊళ్లో నలుగురికీ చెప్పండి.